ఎచింగు బొమ్మల్లో గుర్తులు పట్టుకోవడం ఎలా: ఒక పాత బ్లాకు మేకరు పద్ధతి

పాలకొల్లులో నాకు బ్లాకుల షాపు ఉండేది. ఆఫ్‌సెట్ రాకముందు శుభలేఖ మీద వినాయకుడు కావాలన్నా, సినిమా కరపత్రం మీద హీరో మొహం కావాలన్నా, జింకు రేకును నైట్రిక్ ఆసిడ్‌తో తినిపించి, చెక్క దిమ్మకు మేకులు కొట్టి ప్రెస్సులకు ఇచ్చేవాళ్లం. ఆసిడ్ ఎంత మొండిదో చేతులారా తెలుసు కాబట్టి, రెండు వందల ఏళ్ల కిందట యూరప్‌లో రాగి రేకుల మీద అదే ఆసిడ్‌తో కావ్యాలకూ నాటకాలకూ బొమ్మలు (వాటినే ఎచింగులంటారు) వేసినవాళ్లంటే నాకు మొదటినుంచీ కొంచెం పక్షపాతం.

మా మనవరాలు భీమవరంలో బి.ఏ. ఇంగ్లీషు చదువుతోంది. క్లాసులో ఇలాంటి బొమ్మలు చూపించి, వాటిలోని సింబాలిజం గురించి, అంటే ఏ వస్తువు దేనికి గుర్తో, రాసుకురమ్మన్నారట. పిల్లలంతా నెట్‌లో దొరికిన ఒక జాబితా ముందేసుకుని రాసేశారు. గుడ్లగూబ అంటే మరణం, చంద్రుడంటే స్త్రీ, పుర్రె అంటే అనిత్యం. బొమ్మ వైపు కన్నెత్తి చూడకుండానే రాయగలిగే జవాబులవి. ‘‘అయితే ఎలా రాయాలి తాతయ్యా’’ అని అడిగింది. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నోటుపుస్తకంలో మూడు గళ్లు

ముందు ఆ ఘట్టం చదవండి. బొమ్మ తర్వాత. పుస్తకం మొత్తం చదవక్కర్లేదు, ఆ ఘట్టమూ దానికి ముందు పేజీ చాలు. కానీ కథా సారాంశం చదివి సరిపెట్టుకోవద్దు. సారాంశంలో మనుషులూ సంఘటనలూ ఉంటాయి గానీ వస్తువులు ఉండవు. జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’ సంగతే చూడండి. ‘ఫౌస్ట్ సైతానుతో ఒప్పందం చేసుకున్నాడు’ అన్న వాక్యంలో సైతాను టోపీలోని కోడి ఈక ఎక్కడుంటుంది? బొమ్మలో మాత్రం మొదట కంటికి తగిలేది ఆ ఈకే.

తర్వాత నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో, రాతలోనూ బొమ్మలోనూ ఉన్న వస్తువులు. రెండో గడిలో, రాతలో ఉండి బొమ్మలో మాయమైనవి. మూడో గడిలో, రాతలో లేకుండా బొమ్మలోకి వచ్చి చేరినవి. మొదటి గడిలో ఉన్నవి కవి పెట్టిన గుర్తులు. వాటిని ఎంత పెద్దవి చేశాడు, ఏ మూల పెట్టాడు అన్నంతవరకే చిత్రకారుడి ప్రమేయం. మూడో గడిలోవి పూర్తిగా చిత్రకారుడి సొంతం, ఎక్కువసేపు కూర్చోవలసింది అక్కడే. రెండో గడిని ఎవరూ పట్టించుకోరు. అది తప్పు. కవి పేరుపెట్టి చెప్పిన వస్తువును తీసేయడానికి చిత్రకారుడికి ఏదో ఒక కారణం ఉంటుంది. కనీసం చోటు చాలకపోయినా ఉండాలి.

బాపు గారి బొమ్మలు చూస్తూ పెరిగిన గోదావరి జిల్లాల వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను. బొమ్మ కథకు నౌకరు కాదు.

రేకు చేసే పనీ, మనిషి చేసే పనీ

గుర్తులు వెతికేముందు ఆ బొమ్మ ఎలా తయారైందో తెలియాలి. లేకపోతే రేకు చేసిన పనికి మనిషిని మెచ్చుకుంటాం.

ఎచింగులో రాగి రేకు మీద మైనం, ఆస్ఫాల్టు, గుగ్గిలం లాంటివి కలిపిన పూత పూస్తారు. పొగ పట్టించి నల్లగా చేస్తారు. సూదితో గీస్తే పూత లేచి రాగి బయటపడుతుంది. రేకును ఆసిడ్‌లో పెడితే ఆ గీతలున్న చోటే తింటుంది. తర్వాత పూత తుడిచేసి, గుంటల్లోకి ఇంకు దట్టించి, పైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా అదుముతారు. మా జింకు బ్లాకు దీనికి సరిగ్గా తలకిందులు. మాకు ఆసిడ్ తినగా మిగిలిన ఎత్తుభాగం అచ్చు పడుతుంది, వాళ్లకు ఆసిడ్ తిన్న గుంట అచ్చు పడుతుంది. కాగితం చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు కనిపిస్తే అది ఇలా గుంటల్లోంచి తీసిన అచ్చే అయివుంటుంది. రాతి మీద క్రేయానుతో గీసి తీసే లితోగ్రాఫుకు ఆ నొక్కు ఉండదు, గీత బొగ్గుతో రాసినట్టు గరుగ్గా ఉంటుంది. ఉలితో చెక్కిన గీత చివర సన్నగా తేలిపోతుంది. ఆసిడ్ తిన్న గీత చివర మొద్దుగా ఆగిపోతుంది. ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే కొద్ది రోజుల్లోనే ఆ తేడా కంటికి పట్టుబడుతుంది.

దీనివల్ల గుర్తులు చదవడంలో రెండు లాభాలు.

ఒకటి, తారుమారు. రేకు మీద గీసింది కాగితం మీద ఎడమ కుడి అవుతుంది. కాబట్టి ఎవరైనా ఎడమచేత్తో కత్తి పట్టుకుని కనిపిస్తే వెంటనే ‘ఎడమ చేయి, అశుభం’ అని రాసేయకండి. బొమ్మలో మిగతావాళ్లు ఏ చేత్తో పని చేస్తున్నారో చూడండి. అందరూ ఎడమచేతి వాటమే అయితే అది రేకు మహిమ, చిత్రకారుడు తిరగేసి గీయడం పట్టించుకోలేదంతే. మిగతా అందరూ కుడిచేత్తోనే ఉండి ఒక్కడే ఎడమచేత్తో ఉంటే అప్పుడు ఆలోచించండి. నెలవంక కొమ్ములు ఎటున్నాయన్న దాన్నిబట్టి పెరుగుతున్న చంద్రుడా, తరుగుతున్న చంద్రుడా అని తేల్చేముందు కూడా ఇదే జాగ్రత్త. ఫోన్‌లో ఫొటో తిప్పే బటన్ ఉంటుంది, బొమ్మను తిప్పి ఒకసారి, తిప్పకుండా ఒకసారి చూడండి.

రెండోది, తెలుపు. ఎచింగులో తెల్ల ఇంకు ఉండదు. వెలుగంటే కాగితమే. నల్లగా కావలసిన గీత ఆసిడ్‌లో ఎక్కువసేపు ఉండాలి, లేతగా కావలసిన దాన్ని తొందరగా బయటికి తీసి వార్నిష్‌తో మూసేసి, మిగతా రేకును మళ్లీ ఆసిడ్‌లో దించాలి. అంటే బొమ్మలో ప్రతి వెలుగూ ఎవడో ఒకడు గడియారం చూస్తూ కాపాడినది. ‘ఇక్కడెందుకు తెల్లగా వదిలాడు’ అని అడగడం ఎచింగులో చాలా పదునైన ప్రశ్న. అందుకే ఏ బొమ్మకైనా అన్నిటికన్నా తెల్లగా ఉన్న మూడు చోట్లు వేలుపెట్టి చూపించమని మనవరాలికి చెబుతాను. గుర్తుల జాబితా ఇవ్వని సమాధానం సగం అక్కడ దొరుకుతుంది.

గోపురంలో దీపం

ఇప్పుడొక బొమ్మ. శామ్యూల్ పామర్ ఎచింగు ‘ది లోన్లీ టవర్’, 1879. కవులూ చిత్రకారులూ ఊహకూ భావావేశానికీ పెద్దపీట వేసిన రొమాంటిక్ కాలం అప్పటికే ముగిసిపోయింది. కానీ పామర్ కుర్రతనంలోనే, 1824లో, ఆ కాలపు కవీ చిత్రకారుడూ అయిన విలియం బ్లేక్‌ను కలిసి ఆయన శిష్యవర్గంలో చేరినవాడు. డెబ్భై దాటాక కూడా ఆ మనసుతోనే రేకు ముందు కూర్చున్నాడు. బొమ్మకు ఆధారం ఇంగ్లీషు కవి మిల్టన్ ‘ఇల్ పెన్సెరోసో’ పద్యం. అందులో మాట్లాడేవాడు కోరుకునేది ఇది: నడిరాత్రి ఏదో ఎత్తయిన ఒంటరి గోపురంలో నా దీపం కనబడాలి, అక్కడ ఎలుగుబంటి నక్షత్రాలకన్నా ఎక్కువసేపు మేలుకుని చదువుకోవాలి.

మొదటి గడి సులువు. గోపురం, దీపం, రాత్రి, నక్షత్రాలు.

ఇక్కడ ఆ ఎలుగుబంటి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అది మన సప్తర్షి మండలం ఉన్న నక్షత్రరాశే. కోనసీమలో డాబా మీద పడుకుని చూసినవాళ్లకు సప్తర్షులు ఉత్తరాన పైకొచ్చి, కొన్ని గంటల తర్వాత దిగిపోతారని తెలుసు. మనం సుమారు 16 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. దక్షిణ ఇంగ్లండు 51 డిగ్రీల దగ్గరుంది. అక్కడ ఆ ఏడు చుక్కలూ అస్సలు అస్తమించవు, ధ్రువుడి చుట్టూ తిరుగుతూ తెల్లారి వెలుగులో కలిసిపోతాయంతే. కాబట్టి వాటికన్నా ఎక్కువసేపు మేలుకోవడమంటే రాత్రంతా మేలుకోవడం. మన ఆకాశాన్ని మనసులో పెట్టుకుని చదివితే ‘కాసేపు ఆలస్యంగా పడుకుంటాడు కాబోలు’ అనిపిస్తుంది, గుర్తు బలం పోతుంది. గుర్తు ఏ ఊళ్లో పుట్టిందో ఆ ఊరి ఆకాశం కిందే దాన్ని చూడాలి. రేకు మీద ఆ చుక్కల్ని తిరగేసి పెడితే తప్ప కాగితం మీద సరైన వరసలో పడవు. తోటి పనివాడిగా ఆ కష్టం చూస్తే ముచ్చటేస్తుంది.

మూడో గడికి రండి. మిల్టన్ చెప్పని గొర్రెల కాపరులు ఉన్నారు, మంద ఉంది, ఎడ్లబండి ఉంది, గుడ్లగూబ ఉంది. పద్యంలో మాట్లాడేవాడు గోపురం లోపల ఉన్నాడు. దీపం అతనిది, పుస్తకం అతనిది. పామర్ మనల్ని గోపురం బయట, కింద, పొలాల్లో నిలబెట్టాడు. చదువుకునేవాడి మొహం కూడా చూపించలేదు. కాపరులు ఆ వెలుగు వైపు చూస్తున్నారు. దాంతో దీపం అర్థమే మారిపోయింది. మిల్టన్ దగ్గర అది ఒకడి ఏకాంతం. పామర్ దగ్గర, రాత్రిపూట పనిలో ఉన్న ఇంకొందరికి దూరంనుంచి కనబడే తోడు. లోపల ఒకడు పుస్తకం కాస్తున్నాడు, బయట వీళ్లు మంద కాస్తున్నారు. నా లెక్కలో ఈ బొమ్మలో అసలు గుర్తు దీపం కాదు, దీపాన్ని చూస్తున్న ఆ మనుషులు.

గుడ్లగూబ సంగతి. మన దగ్గర అది ఇంటి మీద అరిస్తే కీడంటారు. స్పెయిన్‌లో చిత్రకారుడు గోయా 1799లో అచ్చువేసిన ‘కాప్రిచోస్’ 80 ప్లేట్లలో 43వ దాంట్లో, బల్ల మీద తలవాల్చి నిద్రపోతున్న మనిషి వెనక గుడ్లగూబలూ గబ్బిలాలూ ముసురుకుంటాయి. వివేకం నిద్రపోతే రాక్షసులు పుడతారని అక్కడే రాసి ఉంటుంది. ఆ గుడ్లగూబ మనిషి బుర్రలోంచి వచ్చింది. పామర్ గుడ్లగూబ చెట్టు మీంచి వచ్చింది, అది రాత్రి డ్యూటీలో ఉన్న మరో జీవి, అంతే. రెండింటికీ జాబితాలో ఒకే అర్థం రాసి ఉంటుంది. జాబితాలు పారేయమనేది అందుకే.

చిత్రకారుడి బతుకు తెలిస్తే మంచిదే, కానీ చివర్లో చూడండి. పామర్ పెద్దకొడుకు 1861లో, పందొమ్మిదేళ్ల వయసులో పోయాడు. ఆ సంగతి ముందే తెలిస్తే బొమ్మలో ప్రతి చీకటీ పుత్రశోకంలాగే కనబడుతుంది, ఇక కాపరులు కనబడరు.

రంగు లేనప్పుడు

జర్మన్ కవి గోథే నాటకం ‘ఫౌస్ట్’కు జర్మనీలో మోరిట్జ్ రెట్ష్ 1816లో 26 ఎచింగులు వేశాడు. నీడలు లేవు, నలుపులు లేవు, వట్టి గీత. నాటకంలో సైతాను, అంటే మెఫిస్టోఫెలిస్, తన వేషాన్ని తానే వర్ణించుకుంటాడు: బంగారు అంచు ఎర్ర దుస్తులు, పట్టు అంగీ, టోపీలో కోడి ఈక, పొడవాటి కత్తి. అచ్చులో ఎరుపు పడదు. సైతానుకున్న పెద్ద గుర్తే పోయింది. ఇక భారమంతా ఈక మోయాలి, కత్తి మోయాలి, నడుం వంచిన తీరు మోయాలి. పింఛం చూడగానే మనం కృష్ణుడని పోల్చుకున్నట్టు, గుంపులో మెఫిస్టో ఎక్కడున్నాడో ఆ ఈకే చెబుతుంది. నలుపు తెలుపు బొమ్మ చూసేటప్పుడు రాతలో ఉన్న రంగుల్ని విడిగా రాసుకోండి. ఒక్కో రంగూ బొమ్మలో ఏ ఆకారంగా మారిందో వెతకండి. దొరక్కపోతే అది రెండో గడిలోకి వెళ్తుంది.

వట్టి గీతలే కదా అని తీసిపారేయొద్దు. కవి షెల్లీ 1822లో ఒక ఉత్తరంలో ఈ ఎచింగుల గురించి రాశాడు. వాటిలో ఒకదాన్ని ఒక్కసారి మించి చూసే ధైర్యం చాల్లేదట. ఆ బొమ్మ ఉందని తెలిసిన కాగితాన్ని వెనకవైపునుంచి తాకితేనే తల తిరిగిందట. ఫౌస్ట్, అతను ప్రేమించిన అమ్మాయి గ్రెట్చెన్ తోటింట్లో ముద్దుపెట్టుకునే ఘట్టం అది.

అదే నాటకానికి ఫ్రాన్సులో డెలక్రువా 1828లో 17 లితోగ్రాఫులు వేశాడు. ఎచింగులు కావు, అయినా మూడో గడికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. మొదటి బొమ్మలో మెఫిస్టో రాత్రిపూట ఊరిమీద ఎగురుతుంటాడు. రెక్కలు, పొడుగాటి గోళ్లు, కింద చర్చి శిఖరాలు. బొమ్మ కింద రాసిన మాట స్వర్గంలో జరిగే నాందీ ఘట్టంలోది: ముసలాయన్ని అప్పుడప్పుడు చూడటం నాకిష్టమే, ఆయనతో తగువు పెట్టుకోను, అంటాడు సైతాను దేవుడి గురించి. నాటకంలో ఆ మాట దగ్గర ఊరూ లేదు, శిఖరాలూ లేవు. పైగా తర్వాత మంత్రగత్తె వంటింట్లో అదే మెఫిస్టో, ఈ కాలం సైతానుకు కొమ్ములూ తోకా గోళ్లూ ఎక్కడున్నాయని ఎగతాళి చేస్తాడు. డెలక్రువా కావాలనే ఆ గోళ్లు తిరిగి పెట్టాడు. తర్వాతి బొమ్మల్లో మెఫిస్టో దొరబాబులా బట్టలేసుకుని మనుషుల్లో తిరుగుతాడు. ఆ బట్టల కింద ఏముందో మనం మొదటి బొమ్మలోనే చూసేశాం, ఫౌస్ట్ చూడలేదు. బొమ్మ కింద అచ్చువేసిన వాక్యాన్ని కత్తిరించి పెట్టే వెబ్‌సైట్లున్నాయి, వాటి జోలికి పోకండి.

చీకట్లోంచి గీకిన వెలుగు

స్వర్గం నుంచి పడిపోయిన సైతాను కథ చెప్పే మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’కు జాన్ మార్టిన్ 1820లలో మెజోటింట్లు చేశాడు. 24 ఘట్టాలు. మెజోటింట్‌లో రేకునంతా ముందే గరుకుచేస్తారు. అలాగే అచ్చు తీస్తే నల్లటి నలుపు. వెలుగు కావలసిన చోట గీకి నునుపు చేసుకుంటూ పోవాలి. నరకాన్ని చూపించడానికి ఇంతకన్నా తగిన పద్ధతి లేదు, ఇక్కడ తయారీయే సగం గుర్తు. సైతాను సభ తీర్చిన బొమ్మలో అతని సింహాసనం ఒక పెద్ద గోళం మీద ఉంటుంది. మిల్టన్ ఎత్తయిన రాజసింహాసనం అన్నాడు, గోళం అనలేదు. మూడో గడి. భూమి మీద ఇంకా అడుగుపెట్టనివాడు అప్పుడే గోళమెక్కి కూర్చున్నాడు. ఆ నరక నగరంలో దీపాలు నాఫ్తాతో, ఆస్ఫాల్టుతో వెలుగుతాయని మిల్టన్ రాశాడు. ఎచింగు పూతలో వాడేదీ ఆ ఆస్ఫాల్టే. ఇందులో గూఢార్థమేమీ లేదు, నాకు సరదాగా అనిపించి చెప్పాను.

ఒకటి కాదు, మొత్తం వరస

సిరీస్‌గా వచ్చిన బొమ్మల్లో ఒక్కదాన్ని విడిగా చదవడం అన్యాయం. బ్లేక్ 1826లో వెలువరించిన బైబిలు యోబు కథ (అన్నీ ఉన్న భక్తుడు ఒక్కసారిగా కష్టాలపాలయ్యే కథ) బొమ్మలు 21. ఉలితో చెక్కినవి. మొదటి ప్లేటూ చివరి ప్లేటూ పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ అదే చెట్టు, అదే కుటుంబం, ముందు గొర్రెలు. మొదటి దాంట్లో వాద్యాలన్నీ చెట్టుకు వేలాడుతున్నాయి, కుటుంబం కూర్చుని ప్రార్థిస్తోంది, పుస్తకాలు ఒళ్లో ఉన్నాయి. చివరి దాంట్లో అందరూ లేచి నిలబడ్డారు, వాద్యాలు చేతుల్లోకి వచ్చాయి. సూర్యచంద్రుల చోట్లు కూడా తారుమారయ్యాయి. యోబు కథ మొదట్లో ఈ చెట్టూ లేదు, వేలాడే వాద్యాలూ లేవు. ఒక కీర్తనలో మాత్రం బందీలుగా వెళ్లినవాళ్లు తమ వీణల్ని చెట్లకు తగిలించేశామని ఏడుస్తారు. ఆస్తీ సంతానమూ నిండుగా ఉన్న ఇంటివాళ్ల నెత్తిమీద బ్లేక్ ఆ గుర్తు వేలాడదీశాడు. ఇంకా ఏ కష్టమూ రాకముందే! మొదటి ప్లేటు ఒక్కటే చూసినవాళ్లకు అది భక్తిగల కుటుంబం. చివరిది చూశాకే ఆ భక్తిలో ఏం లేదో తెలుస్తుంది.

సిరీస్ చూసేటప్పుడు ఒక వస్తువును ఎంచుకుని మొదటినుంచి చివరిదాకా దాన్నే వెంబడించండి. తలుపో, దీపమో, పుస్తకమో. అది లేని ప్లేటు వచ్చినప్పుడు అక్కడ ఆగండి.

ఏది గుర్తు కాదు

పక్కనున్న చెట్టు చాలాసార్లు పక్కనున్న చెట్టే. కంటిని లోపలికి పంపడానికి అంచున చీకటి చెట్టో బండరాయో పెట్టడం ఆ కాలం వాళ్లందరి అలవాటు. అనుమానం వస్తే ఆ వస్తువును బొటనవేలితో మూసి చూడండి. బొమ్మ కుదురు మాత్రమే చెడితే అది అమరిక కోసం పెట్టింది. కథ చెడితే అది గుర్తు. పామర్ బొమ్మలో కాపరుల్ని మూయండి, మిల్టన్ మాత్రమే మిగులుతాడు.

ఇది మీ చేతికి అలవాటు కావాలంటే తేయోడోర్ షసేరియో 1844లో షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’కు చేసిన 15 ఎచింగులు తీసుకోండి. నాలుగో అంకం మూడో రంగం చదవండి, ఒథెల్లో భార్య డెస్డిమోనా పడుకోబోతూ విల్లో చెట్టు పాట పాడే చోటు. ఐదో అంకంలో పడకగది రంగం చదవండి, దీపం ఆర్పడం గురించి ఒథెల్లో మాటలు వస్తాయి. స్ట్రాబెర్రీలు కుట్టిన చేతిరుమాలు మూడో అంకంలో పడిపోతుంది, దాన్నీ గుర్తుపెట్టుకోండి. రుమాలు, చెట్టు, దీపం అని పేజీ పైన రాసుకుని, ఈ మూడూ ఏ ప్లేటులో ఏ గడిలో పడతాయో చూడండి. మా మనవరాలు రుమాలుతో మొదలుపెట్టింది. నన్నడిగితే దీపంతో మొదలుపెట్టమంటాను, తెల్ల కాగితం ఎక్కడ మిగిలిందో వెతకడం మీకిప్పటికే వచ్చు కాబట్టి.